ఎండలో తిరిగిన వైపర్లు

జూన్ 3

బాబాయ్,

ఈ రోజుల్లో కూడా కాగితం మీద ఉత్తరం రాసే మనిషిని మా వీధి మొత్తానికి నేనొక్కదాన్నే. పోస్ట్‌మ్యాన్ నీ కవరు ఇచ్చేటప్పుడల్లా "మీ బాబాయ్‌గారికి ఇంకా ఓపిక తగ్గలేదండీ" అంటాడు. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు ఇంజిన్ పక్కన కూర్చుని నీ చెవుల్ని దానికి ధారపోసి వచ్చావు. ఫోన్లో నీతో మాట్లాడితే నా గొంతు పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. కాగితమే నయం.

విషయానికొస్తాను, కాస్త కుదురుగా కూర్చో. కారు కొన్నాను. పాతది, ఆఫ్-రోడ్ ఎస్‌యూవీ. పెట్టెలా నలుచదరంగా, నల్లగా ఉంటుంది. దున్నపోతు అని పేరు పెట్టాను. తిట్టడం అప్పుడే మొదలుపెట్టకు, అసలు సంగతి ఇంకా చెప్పలేదు. దాంతో ర్యాలీక్రాస్ పోటీల్లో దిగుతున్నాను.

ఊరి బయట పాత రాళ్ల క్వారీలో చుట్టుబాట వేశారు. సగం తారు, సగం మట్టి. విడతకి నాలుగు బండ్లు ఒకేసారి బయలుదేరతాయి. ఐదు చుట్లు. మాలాంటి సరదా రాయుళ్లకు వేరే తరగతి పెట్టారు కాబట్టి ప్రాణాలకేమీ ఢోకా లేదు. ఇందులో ఒక తమాషా ఉంది. ఐదు చుట్లలో ఏదో ఒకసారి ప్రతివాళ్లూ అసలు బాట వదిలి అడ్డదారిలోకి తిరగాలి. అది ఎడమకి చీలి, గుట్ట వెనకగా వెళ్లి మళ్లీ వచ్చి కలుస్తుంది. మామూలు చుట్టు కంటే పొడవు. దాన్ని జోకర్ ల్యాప్ అంటారు. ఎప్పుడు వెళ్లాలన్నది మన ఇష్టం, వెళ్లకపోతే మాత్రం పోటీ లెక్కలోంచి తీసేస్తారు.

బండి సంగతి ఒక మెకానిక్ చూస్తున్నాడు. మా ల్యాబ్‌కి రక్త పరీక్షకి వచ్చి, సూది చూడగానే కళ్లు తిరిగి పడ్డ మనిషి. నీళ్లు చల్లి లేపాను, ఆ మొహమాటానికి సగం కూలికే పని చేస్తున్నాడు. లోపల ఇనుప పంజరం బిగించాడు. బరువు తగ్గాలని నా సీటు తప్ప మిగతావన్నీ పీకేశాడు.

ఎందుకీ పిచ్చి అంటావు. రోజంతా మైక్రోస్కోపులో కళ్లు పెట్టి కూర్చునే పని నాది. ప్రతి స్లైడూ రెండుసార్లు చూస్తాను, అదో జబ్బు. మా ల్యాబ్ పెద్దావిడ "మొదటిసారి చూసింది నువ్వు కాదా తల్లీ?" అని నవ్వుతుంది. క్వారీలో రెండోసారి చూసే తీరిక ఉండదు. అందుకే నాకది నచ్చింది.

నువ్వు నేర్పిన పద్ధతే పాటిస్తున్నాను. కళ్లు చూసింది నోరు చెప్పాలి. డ్రైవర్ల శిక్షణలో మీ చేత అలా చేయించేవాళ్లని చెప్పేవాడివి. నాకెప్పుడు నేర్పావో గుర్తులేదు కానీ బాగా అలవాటైపోయింది. హెల్మెట్‌లో నాలో నేనే "కుడి మలుపు, గులకరాళ్లు, ఎర్రబండి జారుతోంది, లోపలివైపు ఖాళీ" అని చెప్పుకుంటూ నడుపుతాను. లోపల చిన్న కెమెరా ఉంది, అంతా రికార్డు చేస్తుంది.

నాలుగు పోటీలు అయ్యాక పాయింట్లలో మొదటి నలుగురు ఫైనల్‌కి వెళ్తారు. నాకు ఫైనల్ కావాలి బాబాయ్. ముప్పై రెండేళ్లొచ్చాయి, ఇంతవరకు దేంట్లోనూ మొదటి నలుగురిలో లేను.

నీ టముకు

*

జూన్ 9

టముకుకి,

ఇక్కడ నేనూ నా మోకాళ్లూ బాగానే ఉన్నాం. కుడిది కొంచెం ఎక్కువ బాగుంది.

నీ ఉత్తరం చదివి టీ మొత్తం పంచె మీద ఒలకబోసుకున్నాను. ఆడపిల్లవి అని నేను అననులే, అంటే నువ్వు ఊరుకోవని తెలుసు. కానీ సొంత డబ్బు పోసి కొన్న బండిని సొంత చేత్తో గుంతల్లో దింపడమేమిటి? గుంతలు తప్పించుకోవడానికే నాకు జీతమిచ్చేవాళ్లు. ప్రమాదం లేని సర్వీసని గోడకి పతకం కూడా వేలాడుతోంది. నీ వల్ల దాని పరువు పోయేట్టుంది.

సరే, దిగాక భయపడకూడదు. మట్టిలో స్టీరింగ్‌తో కుస్తీ పట్టకు. బండి ఎటు పోతానంటుందో కాస్త విను, తర్వాత నీ మాట చెప్పు. కళ్లు చూసింది నోరు చెప్పాలి, అది మాత్రం వదలకు. నోరు ఆగిందంటే బుర్ర ఎక్కడో తిరుగుతోందని లెక్క. ఆ కెమెరా ముక్కలు నాకు పంపి లాభం లేదు, నాకేం వినపడుతుంది? నడుపుతూ ఏమేం అన్నావో అక్షరం పొల్లుపోకుండా రాసి పంపు. ఎక్కడ తప్పు చేశావో ఇక్కడ కూర్చుని పట్టేస్తాను. ఈ ముసలాడికీ ఓ పని దొరికినట్టుంటుంది.

మీ నాన్న పోయాక, మీ అమ్మ పోయాక, ఈ తలుపు సందులోంచి లోపలికి పడేవి కరెంటు బిల్లూ నీ ఉత్తరమూ మాత్రమే. బిల్లు రాకపోయినా ఫరవాలేదు. కాళ్లూ చేతులూ జాగ్రత్త.

బాబాయ్

*

జూన్ 15

బాబాయ్,

రెండో స్థానం! మొదటి పోటీలోనే! మెకానిక్ ఎగిరి గంతేసి పంజరానికి తల కొట్టుకున్నాడు, రక్తం కనపడగానే మళ్లీ కళ్లు తిరిగాయి.

నువ్వడిగినట్టే రాస్తున్నాను. మొదటి చుట్టు: "జెండా. అందరూ లోపలికి దూరుతున్నారు. నేను బయటివైపు. తారు అయిపోయింది. దుమ్ము. ఎర్రబండి వెనక చక్రం. ఖాళీ, ఖాళీ, వెళ్లు." రెండోదీ మూడోదీ ఇంచుమించు ఇంతే. నాలుగో చుట్టులో జోకర్ తీసుకున్నాను. అక్కడ ఇలా ఉంది: "ఎడమకి చీలిక. ఇరుకు. మట్టి మెత్తగా ఉంది. నీళ్లు నిలిచాయి. నల్ల గొడుగు."

తప్పులు పట్టేవాడివి కదా, ఇది పట్టు. అక్కడ చుక్క నీళ్లు లేవు. పది రోజులుగా వాన లేదు, దుమ్ము లేచి పళ్లలో కరకరలాడింది. జనాన్ని గుట్ట వెనక్కి రానివ్వరు, కాబట్టి గొడుగు వేసుకుని నిలబడేవాళ్లూ లేరు. ఆ మాటలు నేను అన్నట్టు గుర్తు కూడా లేదు. జోకర్‌లోకి తిరగడం గుర్తుంది, బయటికి రావడం గుర్తుంది.

మెకానిక్ ఇంకోటి కూడా అడిగాడు. "మేడమ్, నిప్పులు కురుస్తుంటే ఎండలో వైపర్లెందుకు వేశారండీ?" వీడియోలో నిజంగానే తిరుగుతున్నాయి. చీలిక దగ్గర నా చెయ్యే వెళ్లి వేసింది, మళ్లీ బాట కలిసేచోట ఆపేసింది.

వేడికి మెదడు ఉడికినట్టుంది. నవ్వుకో.

నీ టముకు

*

జూన్ 20

అమ్మాయ్,

వేడే. నీళ్లు బాగా తాగు. హెల్మెట్‌లో ఎండకి అందరికీ ఏవేవో కనపడతాయి.

ఆ మాట్లాడుతూ నడపడం మానెయ్. అది బస్సులకి పనికొచ్చేది, పందేలకి కాదు. నేనేదో ఊపులో రాశాను. నోరు మూసుకుని నడుపు. జోకర్ ల్యాప్ తప్పించుకునే వీలుంటే తప్పించుకో, లెక్కలోంచి తీసేస్తే తీసేయనీ.

గొడుగు అని నీ అంతట నువ్వే అన్నావా, ఎవరైనా అనమన్నారా?

బాబాయ్

*

జూన్ 29

బాబాయ్,

మొదటి ఉత్తరంలో "వదలకు" అన్నావు, ఇప్పుడు "మానెయ్" అంటున్నావు. ఎవరైనా అనమన్నారా అంటే ఏమిటి నీ ఉద్దేశం? మెకానిక్ గురించేనా? అతను నా బండి తప్ప నన్ను చూసే రకం కాదు. చూసినా చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. పెళ్లి మాట ఎత్తాలనుంటే సూటిగా ఎత్తు, గొడుగులు అడ్డం పెట్టుకోకు.

అయినా పెద్దవాడివని నీ మాట విన్నాను. మొన్న రెండో పోటీలో పెదాల మీద ప్లాస్టర్ అంటించుకున్నాను, నిజంగానే. మూడో స్థానం వచ్చింది. ఇంటికొచ్చి రికార్డు పెట్టాను. నాలుగు చుట్లు ఇంజిన్ మోత తప్ప ఇంకేం లేదు. జోకర్ చుట్టులో ఇలా ఉంది:

"ఎడమకి చీలిక. నీళ్లు నిలిచాయి. నల్ల గొడుగు. సైకిల్. సైకిల్ వెనక రేకు డబ్బా. డబ్బా మీద తాళంచెవి బొమ్మ."

ప్లాస్టర్ అలాగే అంటుకుని ఉంది బాబాయ్. పోటీ అయ్యాక నేనే నీళ్లతో తడిపి ఊడదీశాను. దాని చాటునుంచి ముద్దగా వచ్చినట్టు కూడా లేవు మాటలు, స్పష్టంగా ఉన్నాయి.

ఇంకోటి. టైమ్ రాసే ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. రెండు పోటీల్లోనూ జోకర్ చుట్టు నాకు సరిగ్గా ఒకే సమయం పట్టిందట, సెకనులో వందో వంతు కూడా తేడా లేదు. "ఇలా యంత్రానికి కూడా రాదమ్మా" అంది. మెచ్చుకున్నట్టు లేదు.

నిన్న ల్యాబ్‌లో ఒక్కో స్లైడు నాలుగేసిసార్లు చూశాను. కొంచెం భయంగానే ఉంది. ఎవరితోనూ అనలేదు, నీకే రాస్తున్నాను.

టముకు

*

జూలై 4

నీకు ఎవరు చెప్పారు?

మీ నాన్నకి నేను చెప్పలేదు. డిపోలో ఎవరికీ తెలియదు. ఎక్కడ తవ్వి తీశావో, ఎవరిని పట్టుకున్నావో నాకు తెలియదు. తెలిసినప్పుడు ఎదురుగా వచ్చి అడుగు, జవాబు చెప్తాను. అంతేగాని ఇలా పోటీ పేరు చెప్పి ఒకసారి గొడుగు, ఒకసారి సైకిల్, ఒకసారి డబ్బా అని ముక్కలు ముక్కలుగా పంపి నన్ను కాల్చుకు తినకు. నిన్ను ఎత్తుకు తిరిగిన చేతులివి. ఇంత కసి నీకెప్పుడు పుట్టింది?

నీ ఉత్తరం వచ్చినప్పటినుంచీ నిద్ర లేదు.

*

జూలై 12

బాబాయ్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఏం తెలిసిందని? ఎవరిని పట్టుకున్నానని? నువ్వేం మాట్లాడుతున్నావో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కింద పేరు కూడా పెట్టలేదు. ఒంట్లో బాగాలేదా? మందులు సరిగ్గా వేసుకుంటున్నావా? నీ ఎదురింటి టైలర్‌గారికి ఉత్తరం రాసి, ఓసారి నిన్ను చూసి రమ్మని అడుగుతున్నాను. కోపం తెచ్చుకోకు.

నువ్వు పంపవద్దంటే పంపను, ఇదే ఆఖరు. కానీ ఇంకెవరికి చెప్పుకోను?

నిన్న మూడో పోటీ. మళ్లీ రెండో స్థానం. పాయింట్లలో మూడోదాన్ని, వచ్చే ఆదివారం నాలుగో పోటీ పూర్తిచేస్తే చాలు, ఫైనల్ ఖాయం. సాయంత్రం గ్యారేజీలో మెకానిక్, నేను కలిసి రికార్డు పెట్టాం. "గొడుగు మనిషి సైకిల్ దిగాడు. చక్రం బురదలో దిగబడింది. సైకిల్ లాగుతున్నాడు. ఇటు చూశాడు. చెయ్యి ఎత్తాడు." వైపర్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అద్దంలోంచి ఎండ నా ఒళ్లో పడుతోంది.

మెకానిక్ చెయ్యి చాపి ఆపేశాడు. రెంచీలన్నీ తుడిచి డబ్బాలో పెట్టుకున్నాడు. తర్వాత, "మేడమ్, అది మీ గొంతు కాదండీ. చిన్నపిల్లది" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. సీటు ఒకటే ఉన్న బండిలో ఇంకెవరుంటారు?

ఫైనల్ మానమని మాత్రం అనకు. భయపడి మానేస్తే ఇంక నా కళ్లని నేను ఎప్పటికీ నమ్మలేను.

టముకు

*

జూలై 19

అమ్మా,

నువ్వు పంపిన టైలర్ వచ్చి చూసి వెళ్లాడు. ఒంట్లో బాగానే ఉంది. నీకేమీ తెలియదని ఇప్పుడు నమ్ముతున్నాను. చిన్నపిల్ల గొంతన్నావు కదా, అక్కడ నమ్మాను. ఆ గొంతు నాకు తెలుసు. ఇంకెవరి గొంతూ వినపడని నాకు అదొక్కటీ రోజూ వినపడుతూనే ఉంది.

నువ్వు అనకముందే నేనే రాసేస్తాను. చెయ్యి ఎత్తాడు, తర్వాత నువ్వు అనబోయేది "బాబాయ్, ఆపు." రెండుసార్లు అంటావు. రెండోసారి గట్టిగా.

నీకప్పుడు ఆరేళ్లు. స్కూలు లేని రోజున నిన్ను బస్సు ఎక్కించుకునేవాణ్ణి. రూల్స్ ప్రకారం తప్పు, అయినా ఎక్కించుకునేవాణ్ణి. ఇంజిన్ మూత మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టి ఆట నేర్పాను. కళ్లు చూసింది నోరు చెప్పాలి. దారి పొడుగునా టముకు వేసినట్టు చెప్తూనే ఉండేదానివి. నీకు ఆ పేరు పెట్టింది ఆ మూత మీదే.

ఆ రోజు మధ్యాహ్నం వాన. ప్రయాణికులందరూ దిగిపోయారు, ఖాళీ బండి డిపోకి తీసుకెళ్లాలి. తొందరగా చేరాలని అసలు రోడ్డు వదిలి ఎడమవైపు అడ్డదారి పట్టాను. నేనక్కడ ఉండవలసింది కాదు. నువ్వు ఆ బండిలోనే ఉండవలసింది కాదు. మలుపులో ఆ మనిషి బురదలో దిగబడ్డ సైకిల్‌ని లాక్కుంటున్నాడు. నువ్వు చెప్పావు. గొడుగు అన్నావు, సైకిల్ అన్నావు, డబ్బా అన్నావు. నేను చూడలేదు. వాచీ చూసుకుంటున్నాను. తలెత్తి స్టీరింగ్ తిప్పాను, ముందు భాగం తప్పింది. వెనక భాగం తగిలింది. చేతికి తెలిసింది.

ఆపలేదు.

ఆపితే ఉద్యోగం పోతుంది, బండిలో పిల్లెందుకుందని అడుగుతారు, మీ నాన్నకి మొహం ఎలా చూపించను, ఇవన్నీ ఆ ఒక్క క్షణంలో బుర్రలోకి వచ్చేశాయి. అద్దంలోకి కూడా చూడలేదు. నువ్వు ఏడుస్తుంటే "ఏమీ లేదమ్మా, గోనెసంచి. కునుకు పట్టి కలగన్నావు" అన్నాను. మళ్లీ మళ్లీ అన్నాను. ఇంటికి చేరేసరికి నువ్వు కూడా "కల వచ్చింది" అని మీ అమ్మతో చెప్పావు. వారం రోజులు జ్వరం. ఆ తర్వాత నువ్వు టముకువి కావు, అడిగితే తప్ప నోరు విప్పేదానివి కాదు. నేను మాత్రం ఆ పేరు వదల్లేదు, వదిలితే ఎందుకు వదిలానని ఎవరైనా అడుగుతారని.

ఆయన బతికాడో లేదో నాకు తెలియదు. ఇరవై ఆరేళ్లు ఆ ఊరి పేరున్న పేపరు కూడా ముట్టుకోలేదు. పతకం ఇచ్చేటప్పుడు చప్పట్లు కొట్టారు, అప్పటికే చెవులు మందగించాయి, అదొక్కటే అదృష్టం.

ఫైనల్‌కి వెళ్లకు. నీకేమైనా అయితే అది నా చేతి మీదే అవుతుంది. ఇది చదివాక ఉత్తరాలు ఆపేస్తావేమోనని ఇన్నాళ్లూ నోరు కట్టుకున్నాను. ఆపేసినా సరే, బండి దిగు.

బాబాయ్

*

జూలై 19

బాబాయ్,

నీ దగ్గరనుంచి ఇంకా ఏ కబురూ లేదు. ఆఖరు అన్నాను కానీ ఇది రాయకపోతే నిద్ర పట్టదు.

నిన్న నాలుగో పోటీ పూర్తిచేశాను. ఫైనల్‌కి వెళ్తున్నాను, పాయింట్లలో మూడో స్థానం. సంతోషంగా ఉండాలి. జోకర్ చుట్టులో బ్రేక్ మీదికి నా కాలు దానంతటదే దూకింది, బండి అడ్డంగా తిరిగి గుట్టకి జానెడు దూరంలో ఆగింది. మళ్లీ లాగి ఎలా పూర్తిచేశానో తెలియదు. రికార్డులో ఇలా ఉంది:

"చెయ్యి ఎత్తాడు. బాబాయ్, ఆపు. బాబాయ్, ఆపు! గొడుగు కాలవలో పడింది. తలకిందులుగా తేలుతోంది. సైకిల్ చక్రం ఇంకా తిరుగుతోంది. డబ్బా మూత ఊడి తాళంచెవులన్నీ నీళ్లలో పడ్డాయి."

ఇందులోకి నువ్వెందుకు వచ్చావు బాబాయ్?

*

ఆగస్టు 2

మన ఉత్తరాలు రెండూ ఒకే రోజు బయలుదేరాయి. నీది చదివి ముందు తేదీ చూశాను. తర్వాత మళ్లీ చూశాను, మా పెద్దావిడ ఉంటే నవ్వేది.

అంతా గుర్తొచ్చేసిందని అబద్ధం చెప్పను. వాన గుర్తుంది, కింద వెచ్చగా దుప్పటి గుర్తుంది. మిగతాది నీ మాట, ఆ గొంతు చెప్పిన మాట. కానీ నాకు కోపం మాత్రం పీకలదాకా ఉంది. ఆయన్ని వదిలేసి వచ్చావు, అది ఒక పాపం. ఆరేళ్ల పిల్లని పట్టుకుని నీ కళ్లు అబద్ధం చెప్తున్నాయని నమ్మించావు, అది ఇంకొకటి. నేను ప్రతి స్లైడూ రెండుసార్లు ఎందుకు చూస్తానో ఇరవై ఆరేళ్లు నాకు తెలియదు, నీకు తెలుసు. నేను నవ్వుతూ రాస్తే నువ్వు నవ్వుతూ చదివావు.

వెళ్లవద్దన్నావు, వెళ్లాను. నిన్న ఫైనల్. మెకానిక్‌కి అంతా చెప్పాను. అతను నన్ను ఆపలేదు, పంజరం బోల్టులన్నీ ఇంకోసారి బిగించాడు. నాలుగు చుట్లు రెండో స్థానంలో ఉన్నాను. జోకర్ కావాలనే ఆఖరి చుట్టుకి ఉంచుకున్నాను. మిగతా ముగ్గురూ అప్పటికే జోకర్ తీసేసుకున్నారు కాబట్టి వెనక ఇంకెవరూ ఆ దారికి రారు, ఎవరికీ దెబ్బ తగలదు.

ఈసారి మెలకువగానే ఉన్నాను. నా చెయ్యి వైపర్ల మీదికి వెళ్లడం చూశాను. నీళ్లు నిలిచాయి అన్నాను, గొడుగు అన్నాను, సైకిల్ అన్నాను. నోరు నాదే, మాటలు మాత్రం నాకంటే ముందు వెళ్తున్నాయి. ఎదురుగా ఎండ, దుమ్ము, గుట్ట. ఇంకేం లేదు. చెయ్యి ఎత్తాడు అన్నాక గట్టిగా బ్రేక్ తొక్కాను. బండి ఆగింది. ఇంజిన్ ఆపేసి దిగాను.

నేల పొడిగా ఉంది. చక్రాల కింద చూశాను, బండి వెనక్కి వెళ్లి చూశాను. ఒక్కదాన్నే నిలబడ్డాను. జెండా పట్టుకున్న మనిషి గుట్ట మీదినుంచి ఏదో అరుస్తున్నాడు. తిరిగి వచ్చి ముందు అద్దం ముట్టుకుంటే తడిగా ఉంది. అరచేత్తో తుడిచి చూశాను, నీళ్లే. అద్దం కడిగే నీళ్ల ట్యాంకు మెకానిక్ మొదటిరోజే పీకేశాడు.

నన్ను పోటీ లెక్కలోంచి తీసేశారు. నలుగురిలో నాలుగోదాన్ని కూడా కాదు. ఏడుస్తాననుకున్నాను, ఏడవలేదు. రికార్డులో నేను దిగాక నాలుగు నిమిషాలు ఏ గొంతూ లేదు.

నేను దిగి చూడగలిగింది అంతవరకే. నిజంగా చూడవలసిన చోటు నీకే తెలుసు. ఆయన ఏమయ్యాడో తెలుసుకునేదాకా నాకు ఉత్తరం రాయకు. తెలుసుకున్నాక ఏం తెలిసినా సరే, రాయి.

*

ఆగస్టు 11

అమ్మా,

ఇది లాడ్జి గదిలోంచి రాస్తున్నాను. బల్ల లేదు, మంచం మీద పెట్టి రాయడం వల్ల అక్షరాలు ఇలా ఉన్నాయి. నాలుగు బస్సులు మారి ఆ ఊరికి వచ్చాను. నాలుగింట్లోనూ డ్రైవర్ వెనక సీట్లోనే కూర్చున్నాను, ఒక్కసారి కూడా కళ్లు మూయలేదు.

ముందు పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. చెప్పింది మొత్తం రాసుకున్నారు. అంత పాత కాగితాలు వెతకాలి, సోమవారం రమ్మన్నారు. వెళ్తాను.

తర్వాత ఆ మలుపు దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు తారు రోడ్డు పడింది, కాలవ మీద పలకలు కప్పారు. మలుపులోనే మనిషి వెడల్పు కొట్టు ఒకటి ఉంది. బయట రేకు మీద తాళంచెవి బొమ్మ. లోపల నా వయసాయన స్టూలు మీద కూర్చుని ఆకురాయితో తాళంచెవి గీస్తున్నాడు. ఎడమవైపు మోకాలి కింద కర్రకాలు.

బతికే ఉన్నాడమ్మా.

కొట్టు ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఏ తాళమండీ అని అడిగినట్టున్నాడు. "ఆ బస్సు నడిపింది నేనే" అన్నాను. ఏ బస్సని ఆయన అడగలేదు. తాళం కోసం వచ్చిన ఆవిణ్ణి రేపు రమ్మని పంపేసి, షట్టర్ సగం దించాడు. నన్ను కొడతాడనుకున్నాను, కొడితే బాగుండేది. మాట్లాడటం మొదలుపెట్టాడు. నాకు వినపడదని చెవి చూపించాను. ఇది కూడా ఒక ఎత్తు అనుకున్నాడేమో, నా మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత బిల్లుల పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాడు.

తెల్లవారేదాకా అక్కడే పడి ఉన్నాడట. కాలవలో గొడుగు తలకిందులుగా తేలడం, చక్రం ఆగకుండా తిరగడం, తాళంచెవులు నీళ్లలో మెరవడం చూస్తూ పడి ఉన్నానని రాశాడు. నేనేమీ అడగకుండానే రాశాడు. బస్సు అప్పటికే మలుపు దాటింది. నువ్వుగాని నేనుగాని అవి చూసే వీలే లేదు. నా చేతిలో నీ జూలై 19 ఉత్తరం ఉంది, మడిచి జేబులో పెట్టేశాను.

క్షమించానని ఆయన అనలేదు, అనడు కూడా. నేను అడగలేదు. లేచి వచ్చేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపి, ఇంకో బిల్లు చింపి వెనక్కి తిప్పి రాసిచ్చాడు. ఆ కాగితం ఇందులో పెడుతున్నాను. తడవకుండా తీసుకో.

"పడేముందు బస్సులోంచి ఒక చిన్నపిల్ల ఆపు ఆపు అని అరవడం విన్నాను. ఆస్పత్రిలో చెప్పాను, ఇంట్లో చెప్పాను, దెబ్బకి నీకు అలా అనిపించిందిలే అన్నారు. ఇన్నేళ్లలో ఎవరూ నమ్మలేదు. నన్ను చూసిన మనిషి ఒకరు ఉన్నారనే నేను బతికాను. ఆ పాప బాగుందా?"

జవాబు నేను చెప్పేది కాదమ్మా. ఆయన అడిగింది నా గురించి కాదు. కాగితం కింద సగం ఖాళీ ఉంది, నువ్వే రాయి. నేనిక్కడే ఉంటాను, తీసుకెళ్లి ఆయన చేతికిస్తాను.

బాబాయ్